రికార్డు పంచుకోవడం నేర్చుకుందాం – 4వ పాఠం: అన్నా, నీది ఏ ‘సో వాట్’?

పోయిన పాఠంలో గ్రామఫోన్ రికార్డు ప్లేట్లు ఎట్ల కడగాలో చెప్పినా కదా, ఇద్దరు ముగ్గురు గిన్నెలు తోమే సబ్బు పెట్టి తోమినామని చెప్పినారు, అది మాత్రం వద్దు, సరిగ్గా కడగకపోతే గీతల్లో ఉండిపోయి చరచరా అంటుంది. సరే, ఈ వారం పని వేరే, చేతులకు కాదు, చెవులకు.

మన తిరుపతోళ్ళకి ఒక అలవాటు ఉంది. తెల్లారితే ఊరంతా వినేది ఎమ్మెస్ గారి సుప్రభాతం, 1963లో రికార్డు చేసినది, అందరికీ అదే, కాబట్టి “ఏ రికార్డింగ్?” అని అడిగే పనే లేదు మనకి. ఆ అలవాటుతోనే జాజ్‌కి వచ్చి “నా దగ్గర కైండ్ ఆఫ్ బ్లూ ఉండాది, విను” అని ఇచ్చేస్తాం. అది మైల్స్ డేవిస్ అనే అమెరికా ట్రంపెట్ ఆయన జాజ్ ఆల్బమ్, ‘సో వాట్’ దాంట్లో ఒక పాట, అదే రికార్డింగ్ రెండు రకాలుగా దొరుకుతుంది, మనం ఏది ఇచ్చినాం అనేది మనకే తెలీదు.

మేం నెలకోసారి ఒక అన్న వాళ్ళ మిద్దె మీద చేరతాం, ఏడెనిమిది మందే, ఎదురుగా కొండ, చేతిలో టీ. పోయిన నెల ఆ అన్న వాళ్ళ మామ ఎప్పుడో అమెరికా నుంచి తెచ్చిన పాత కైండ్ ఆఫ్ బ్లూ ఎల్‌పీ (పెద్ద ప్లేటు) పెట్టినాడు, అది అయ్యాక రేణిగుంట నుంచి వచ్చే తమ్ముడు అదే ‘సో వాట్’ ఫోన్లో పెట్టినాడు, మా అందరికీ రెండూ ఒకటే, కానీ మూలన కూచున్న వయొలిన్ మాష్టారు మాత్రం “ఏమబ్బా, శ్రుతి దిగిపోయిందే” అన్నారు. టర్న్‌టేబుల్ (ప్లేటు తిప్పే మెషీన్) స్పీడు తప్పు అన్నాం మేం. తప్పు మాదే.

కథేందంటే, మైల్స్ డేవిస్ ఆ ఆల్బమ్‌ని 1959లో రెండు రోజుల్లో రికార్డు చేసినాడు, మార్చి 2న సైడ్ ఏ లోని మూడు పాటలు, ఏప్రిల్ 22న సైడ్ బి లోని రెండు, న్యూయార్క్‌లో కొలంబియా రికార్డు కంపెనీ వాళ్ళ 30వ వీధి స్టూడియోలో. మార్చి రోజు మెయిన్ టేప్ మెషీన్ రొంత నిదానంగా తిరిగింది, ఎవరూ కనిపెట్టలేదు. మన చిన్నప్పుడు బ్యాటరీలు అయిపోతా ఉన్న టేప్‌రికార్డర్‌లో మాటలు రికార్డు చేసి, కొత్త బ్యాటరీలు వేసి వింటే గొంతు చిన్నపిల్లోళ్ళ మాదిరి వచ్చేది చూడండి, అంతే ఇది కూడా, కాకపోతే తేడా చాలా తక్కువ. పక్కనే ఇంకో మెషీన్ సరైన స్పీడులో తిరిగింది కాబట్టి 1992లో ఆ టేపు వాడి సరిచేసినారు, అంటే ముప్పై ఏళ్ళకు పైగా లోకమంతా సైడ్ ఏ ని రొంత పైశ్రుతిలోనే వినింది!

ఇప్పుడు పరీక్ష. ఫోన్లో తంబూరా యాప్ తీసి 2 శ్రుతి (D) పెట్టండి. ‘సో వాట్’లో మొదట్లో వచ్చే తడుముకుంటున్నట్టుండే పియానో, బేస్ (లోతు స్వరాల పెద్ద తీగ వాయిద్యం) ముక్కని వదిలేయండి, బేస్ అసలు పల్లవి ఎత్తుకున్నాక తంబూరాతో కలిపి వినండి. సరిచేసినదైతే చక్కగా కలిసిపోతుంది. పాతదైతే 2కీ రెండున్నరకీ మధ్యలో ఎక్కడో నిలబడి పళ్ళు పులిసినట్టు ఉంటుంది. ఒక జాగ్రత్త, ఈ పాటలో పదహారు బార్లు (తాళం చుట్లు) అయ్యాక ఎనిమిది బార్లు కావాలనే రెండున్నరకి ఎక్కి మళ్ళీ కిందికి వస్తారు, అక్కడ కలవలేదని కంగారు పడొద్దు.

మరి మన టర్న్‌టేబులే తప్పుగా తిరుగుతా ఉంటే? దానికీ ఈ ప్లేటులోనే జవాబు ఉంది. సైడ్ బి తిప్పండి, దాంట్లోని ‘ఆల్ బ్లూస్’ పాట 5 శ్రుతి (G), ఏప్రిల్లో మెషీన్ బాగానే తిరిగింది. సైడ్ బి కలిసి సైడ్ ఏ కలవకపోతే అది పాత ప్రెస్సింగ్, అంటే సరిచేయక ముందు అచ్చేసిన ప్లేటు. రెండూ కలవకపోతే టర్న్‌టేబుల్ బెల్టు మార్చుకోండి.

పాతది దొరికితే పారేయాల్సిందని కాదు, నాకైతే అదే ఇష్టం, అది అలవాటైన చెవికి సరిచేసినది నిద్ర మొహంతో వాయించినట్టు ఉంటుంది. మాష్టారు ఒప్పుకోరు. కానీ ఎవరికైనా ఇచ్చేటప్పుడు కవర్లో ఒక చీటీ పెట్టండి, రికార్డు చేసిన తేదీ, ఎవరెవరు వాయించినారు, పాత శ్రుతా సరిచేసినదా, మీకు నచ్చిన చోటు ఎన్నో నిమిషం అని. “బాగుంటుంది విను” అని మాత్రం రాయొద్దు, బాగుండబట్టే కదా ఇస్తా ఉండేది.

రెండు వెర్షన్లు పక్కపక్కన వినిపించేటప్పుడు సౌండు సమానం చేయండి, రవ్వంత గట్టిగా మోగేదే మంచిదని చెవి మోసపోతుంది. ఇంకోటి, ఎండాకాలం ప్లేట్లు కారులో పెట్టి దిగిపోవద్దు. నేను చిత్తూరులో ఒక పెళ్ళికి పోయి అట్లే చేసినా, వచ్చి చూస్తే అప్పడం.

హోంవర్క్ రెండు. ఒకటి, ఇదే ఆల్బమ్‌లో ఒక్క పాటకి పియానో వాయించినాయన వేరే, మిగతా వాటికి బిల్ ఎవాన్స్, కవర్ చూడకుండా ఏ పాటో కనుక్కోండి. రెండోది, అదే స్టూడియోలో గ్లెన్ గూల్డ్ అనే పియానో ఆయన, బాఖ్ రాసిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ రెండుసార్లు రికార్డు చేసినాడు, 1955లో 22 ఏళ్ళ వయసులో, మళ్ళీ 1981లో. మొదటి ముక్క ‘ఆరియా’ ముందుదాంట్లో రెండు నిమిషాల్లోపే అయిపోతుంది, తర్వాతదాంట్లో మూడు దాటుతుంది. మాష్టారు ఈ వేగాన్ని కాలప్రమాణం అంటారు, ఐదో పాఠం అంతా దాని మీదే, కాబట్టి రెండూ విని, మధ్యలో గూల్డ్ కూనిరాగం ఎక్కడెక్కడ వినిపిస్తా ఉందో చీటీలో రాసుకుని రండి.