తీగ తెగితే ఎవరి పని ఆగుతది? నెట్‌వర్క్ టోపాలజీ ఎంచుకునే పద్ధతి

మిర్యాలగూడ శివార్లో ఒక రైస్ మిల్లు అనుకుందాం. గేటు పక్కన కాంటా గది, అక్కడి నుంచి 60 మీటర్లు లోపలికి ఆఫీసు. ఆఫీసు నుంచి మిల్లు షెడ్డు 140 మీటర్లు, దాని వెనక గోదాం ఇంకో 90 మీటర్లు. కాంటా మీద లారీ ఎక్కగానే బరువు ఆఫీసు కంప్యూటర్లో పడాలి, గోదాం కెమెరాలు ఆఫీసులో కనపడాలి. ఈ నాలుగు చోట్లను ఏ తీరుగా కలపాలన్నదే టోపాలజీ. పాఠ్యపుస్తకంలో బస్, స్టార్, రింగ్, మెష్, ట్రీ అని ఐదు బొమ్మలుంటాయి. పనిలో దిగాక అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ తీగ తెగినా, తీగలు వచ్చి కలిసే పెట్టె, అంటే ఈ స్విచ్‌కు కరెంటు పోయినా, ఎవరెవరి పని ఆగుతుంది?

ముందు కాగితం మీద స్థలం గీయండి. దూరాలు టేపుతో కొలవండి. కేబుల్ నేల మీద సూటిగా పోదు, గోడ ఎక్కుతుంది, దూలం చుట్టూ తిరుగుతుంది, రెండో వైపు దిగుతుంది. కంటికి 75 మీటర్లు కనపడింది వేసేసరికి 95 అవుతుంది. రాగి కేబుల్ హద్దు 100 మీటర్లు. అందులో 90 గోడ వెంట పోయే కేబుల్, మిగతా 10 రెండు చివర్లా పరికరాలకు తగిలించే పొట్టి తీగలకు, అంటే ప్యాచ్ కార్డులకు. క్యాట్ 5ఈ రకం కేబుల్ బదులు మెరుగైన క్యాట్ 6 వేస్తే దూరం పెరుగుతుందనుకుంటారు గానీ పెరగదు. బొమ్మలో ప్రతి చోటా మూడు సంగతులు రాయండి: ఎన్ని పరికరాలు, వాటిలో తీగ మీదనే కరెంటు తీసుకునేవి ఎన్ని, ఆ గదికి కరెంటు ఏ మెయిన్ నుంచి వస్తుంది. మూడోది రాయకపోవడం వల్లనే సగం తంటాలు.

ఎవరూ ఎంచుకోకుండానే తయారయ్యే టోపాలజీ గొలుసు. మొదట ఆఫీసులో ఒక స్విచ్ పెడతారు. షెడ్డులో కెమెరాలు కావాలంటే అక్కడికో తీగ లాగి చిన్న స్విచ్ తగిలిస్తారు. మరుసటేడు గోదాం కడతారు, దానికి షెడ్డు స్విచ్ నుంచే ఇంకో తీగ. మన గొలుసుకట్టు చెరువుల లెక్కే ఇది. పై చెరువు అలుగు పోస్తేనే కింది చెరువుకు నీళ్లు. షెడ్డులో రిపేరుకని మెయిన్ దించితే, గోదాంలో కరెంటు ఉన్నా అక్కడి కెమెరాలు ఆఫీసులో కనపడవు. పైగా చివరి వాళ్ల డేటా అంతా ముందున్న లింకుల మీదుగానే రావాలి. ఒక్కో కెమెరాను 4 మెగాబిట్లకు సెట్ చేసి 28 కెమెరాలను ఇట్లా వేలాడదీస్తే 112 మెగాబిట్లు. దారిలో ఒక్కటే ఒక్క 100 మెగాబిట్ల పోర్టు ఉన్నా బొమ్మ గళ్లుగళ్లుగా పగులుతుంది. కెమెరా పోయిందని కొత్తది కొంటారు, అది కూడా అట్లనే పగులుతుంది. స్విచ్ వెనక స్విచ్ రెండు వరకు సరే, మూడోది తగిలించే ముందు ఆగి ఆలోచించండి.

చాలాచోట్ల సరిపోయేది స్టార్. ఆఫీసులో ఒక మధ్య స్విచ్, అక్కడి నుంచి ప్రతి చోటికీ సొంత తీగ. కేబుల్ ఎక్కువ పడుతుంది, 305 మీటర్ల బాక్సు ఒకటి అదనంగా కొనాల్సి రావచ్చు. కానీ ఒక తీగ పోతే ఆ ఒక్కరే పోతారు, ఎవరి తీగ పోయిందో లైటు చూస్తే తెలుస్తుంది. మధ్య స్విచ్ పోతే మాత్రం అందరూ పోతారు. అందుకే అది యూపీఎస్ మీద ఉండాలి, అదే రకంది ఇంకోటి అల్మారాలో ఉండాలి. పోర్టులు ఇప్పటి అవసరానికి పావు వంతు ఎక్కువ చూసుకోండి. షెడ్డులో పెట్టే స్విచ్ ఫ్యాన్ లేనిదై ఉండాలి, మూసి ఉన్న డబ్బాలో పెట్టాలి. తవుడు దుమ్ము ఫ్యానులోకి పోతే మెత్తగా అట్టకట్టి దాన్ని ఆపేస్తుంది.

కెమెరాలు పగలంతా బాగుండి, పొద్దుగూకగానే ఆగి మళ్లీ వస్తుంటే కేబుల్‌నూ కరెంటు లెక్కనూ చూడండి. చీకటి పడగానే కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్ బల్బులు వెలుగుతాయి, వాడకం ఒక్కసారిగా పెరుగుతుంది. తీగ మీదనే కరెంటు పంపే పద్ధతి పేరు పీఓఈ. దాని మొదటి ప్రమాణంలో స్విచ్ పోర్టు దగ్గర ఇచ్చేది గరిష్ఠంగా 15.4 వాట్లు, పరికరానికి ఖాయంగా అందేది 12.95. పోర్టు లెక్క వేరు, స్విచ్ మొత్తం లెక్క వేరు. 8 పోర్టుల స్విచ్ మీద 60 వాట్లని ఉంటే అది అన్నిటికీ కలిపి. రాత్రి 9 వాట్లు తీసుకునే కెమెరాలు ఎనిమిది తగిలిస్తే 72, స్విచ్ ఒకరిద్దరిని వదిలేస్తుంది. ఈ లెక్క సరిపోయినా ఆగుతుంటే కేబుల్ చివర పొర ఒలిచి తీగను బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనపడితే అది రాగి పూత పూసిన అల్యూమినియం. దూరం పెరిగేకొద్దీ అందులో వోల్టేజి పడిపోతుంది, వంచితే విరుగుతుంది. రాగిదే వేయండి.

భవనం నుంచి భవనానికి దూరం తక్కువైనా రాగి వద్దు. మన మిల్లులో కాంటా గది 60 మీటర్లే, రాగికి అందే దూరమే. అయినా అక్కడికీ ఫైబరే. రెండు భవనాల ఎర్తింగ్ ఒకేలా ఉండదు, ఎండాకాలం చివర ఉరుములు మెరుపులతో వాన పడ్డప్పుడు ఆ తేడా రాగి తీగ మీదుగా పారి రెండు చివర్ల పోర్టులనూ కాలుస్తుంది. ఫైబర్ గాజు, దానిలో కరెంటు పారదు. సింగిల్ మోడ్ రకం, ఆర్మర్డ్ (పైన కవచమున్న) కేబుల్, కనీసం 6 కోర్లది, అంటే 6 గాజు పోగులది తీసుకోండి. కేబుల్ లోపల ఉక్కు కవచం ఉంటే దాన్ని ఒక చివర ఎర్త్ చేయాలి.

గోదాంకు దారి షెడ్డు మీదుగానే ఉంది కదా, మళ్లీ గొలుసు కాదా అని అడగొచ్చు. కాదు. షెడ్డులో ఫైబర్ పెట్టె తెరిచి 1, 2 కోర్లను షెడ్డు స్విచ్‌కు ఇవ్వండి. 3, 4 కోర్లను స్విచ్‌ను తాకనీయకుండా గోదాంకు పోయే కేబుల్‌తో స్ప్లైస్ చేయించండి, అంటే పోగుకు పోగు అతికించండి. 5, 6 స్పేరు. ఇప్పుడు షెడ్డులో కరెంటు పోయినా గోదాం నడుస్తుంది. దారి గొలుసులా ఉన్నా లింకులు స్టార్ లెక్క. ఫైబర్‌ను స్విచ్‌కు తగిలించే మాడ్యూళ్లు ఒక్క కోరు మీదనే రెండు వైపులా పంపే రకం వాడితే, ఒక చివర 1310 నానోమీటర్ల కాంతి మీద పంపేది, రెండో చివర 1550 మీద పంపేది ఉండాలి. రెండూ ఒకే రకం కొంటే లింకు లైటు ఎన్నటికీ వెలగదు. ఆకుపచ్చ కనెక్టరును నీలం దానిలో గుచ్చొద్దు, లోపలి ముఖాల కోణం వేరు.

అయితే జేసీబీకి కోర్ల లెక్క తెలియదు. ఆఫీసుకు, షెడ్డుకు మధ్య తవ్వితే రెండూ పోతాయి. గోదాం ఒక్క గంట కూడా ఆగొద్దనుకుంటే, రెండో కేబుల్ ప్రహరీ వెంట ఇంకో దారిలో వేసి రింగ్ చేయాలి. రెండు కేబుళ్లూ ఒకే కందకంలో వేసి రింగ్ అనుకోవడం డబ్బు పూడ్చిపెట్టడమే. రింగులో ఉన్న ప్రతి స్విచ్‌లో ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ ఉండాలి. అది రింగులో ఒక లింకును కావాలని మూసి ఉంచుతుంది, ఇంకోటి తెగితే తెరుస్తుంది. ఆఫీసు స్విచ్ ప్రయారిటీ 4096 అని పెట్టండి, అంకె చిన్నదైన స్విచ్చే రింగుకు పెద్ద. అన్నీ 32768 అనే మామూలు అంకె మీద వదిలేస్తే మ్యాక్ అడ్రస్ (తయారీలోనే పడే నంబరు) చిన్నదైన స్విచ్ పెద్దరికం తీసుకుంటుంది, అది తరచూ మూలన పడున్న పాత స్విచ్చే అవుతుంది.

తెలియకుండా పడే రింగ్ ఇంకా ప్రమాదం. బల్ల కింద వేలాడుతున్న ప్యాచ్ కార్డు చివరను ఎవరో ఖాళీ పోర్టులో గుచ్చుతారు, రెండో చివర అప్పటికే అదే స్విచ్‌లో ఉంటుంది. మామూలు స్విచ్‌లో దాన్ని పట్టుకునే ఏర్పాటు ఉండదు. తీగ మీద పోయే డేటా మూటకు, అంటే ఈథర్‌నెట్ ఫ్రేముకు ఆయుష్షు లెక్క లేదు కాబట్టి అందరికీ పోయే ఒక్క బ్రాడ్‌కాస్ట్ సందేశం తిరిగి తిరిగి లింకులన్నీ నింపేస్తుంది. గుర్తు ఏమిటంటే, అన్ని పోర్టుల లైట్లూ ఒకే తాళంలో ఆగకుండా కొట్టుకుంటాయి. కంప్యూటర్‌లో కనెక్టెడ్ అనే ఉంటుంది, ఏదీ తెరుచుకోదు. స్విచ్ ఆపి ఆన్ చేస్తే క్షణంపాటు బాగై మళ్లీ అంతే. మధ్య స్విచ్ నుంచి బయటి తీగలను ఒక్కోటిగా పీకండి. ఏది పీకితే లైట్లు నెమ్మదిస్తాయో ఆ వైపు పోయి అక్కడి స్విచ్‌లోనూ అదే చేయండి.

మెష్ సంగతి తొందరగా చెప్పొచ్చు. అందరినీ అందరితో కలపాలంటే 4 చోట్లకు 6 తీగలు, 10 చోట్లకు 45. తీగతో ఎవరూ చేయరు. వైఫై మెష్ డబ్బాలు ఇళ్లకు, చిన్న హాస్టళ్లకు బాగుంటాయి. ఒక్కటే రేడియో ఉన్న డబ్బా ఒక్కో అంచెకు వేగం దాదాపు సగం చేస్తుంది. సిగ్నల్ రాని చోట కాదు, సిగ్నల్ ఇంకా మంచిగా ఉన్న సగం దూరంలో పెట్టాలి. రేకుల షెడ్డు లోపలికి బయటి నుంచి వైఫై పంపాలని చూడొద్దు. రోడ్డవతల కిలోమీటరు దూరంలోని కోళ్ల ఫారానికైతే 5.8 గిగాహెర్ట్జ్ రేడియో జత సరిపోతుంది, కానీ ఎదురుబదురు చూపుతోపాటు నడిమధ్యలో చెట్ల తలల మీద కనీసం 2 మీటర్ల ఖాళీ ఉండాలి. తాటిమట్ట గాలికి అడ్డం ఊగినా లింకు తడబడుతుంది.

అందరూ ఒకే తీగ మీద వరసగా ఉండే బస్ చచ్చిపోయిందని అంటారు. పాత సన్న కోయాక్సియల్ నెట్‌వర్క్ వరకు నిజమే, 185 మీటర్ల తీగ, రెండు చివర్లా 50 ఓమ్ టర్మినేటర్లతో అది పోయింది. కానీ మిల్లులో మోటర్ల డ్రైవులు, కరెంటు మీటర్లు ఆర్‌ఎస్ 485 అనే పద్ధతి మీద మాట్లాడతాయి, అది అసలైన బస్. ఇక్కడ స్టార్ వేస్తేనే తప్పు. ఎలక్ట్రీషియన్ అలవాటు కొద్దీ ఒక్కో మీటరు నుంచి ప్యానెల్‌కు వేరే తీగ లాగితే సిగ్నల్ కొమ్మల చివర తగిలి వెనక్కి వస్తుంది, రీడింగులు ఒకసారి వచ్చి ఒకసారి రావు. మీటరు నుంచి మీటరుకు ఒకే వరసలో పోనివ్వండి, మొదటి చివర ఒకటి, ఆఖరి చివర ఒకటి 120 ఓమ్ రెసిస్టర్ పెట్టండి. వేగం తగ్గించుకుంటే 1200 మీటర్ల దాకా పోతుంది.

అంతా వేశాక కాగితం మళ్లీ తీయండి. ఆఫీసు కంప్యూటర్ నుంచి కాంటాకు, షెడ్డుకు, గోదాంకు పింగ్ (ఉన్నావా అని అడిగి జవాబు చూసే ఆదేశం) ఆపకుండా నడిపించి, ఒకరు ఒక్కో తీగ పీకుతుంటే, ఒక్కో గది మెయిన్ దించుతుంటే, ఇంకొకరు ఎవరెవరు ఆగారో రాసుకోవాలి. షెడ్డు మెయిన్ దించినప్పుడు గోదాం ఆగితే స్ప్లైస్ తప్పు పడ్డట్టు. రింగులో ఒక తీగ పీకితే రెండు మూడు పింగులు పోవడం మామూలే, అరనిమిషం దాటితే ఎక్కడో ఒక స్విచ్ పాత స్పానింగ్ ట్రీ మీదే నడుస్తోంది. ఏ కోరు ఎటు పోయిందో, ఏ పోర్టు ఎవరిదో రాసిన ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ర్యాక్ తలుపు లోపలి వైపు అంటించండి. రేపు వచ్చే మెకానిక్ మీరు చేసిన పని చూసినవాడై ఉండడు.