దసరా తోరణం మర్నాటికే ఎందుకు పాడవుతుంది?

ఏటా పండగ వెళ్లిన మర్నాడు ఇరుగుపొరుగు నన్ను అడిగేవి ఇవే ప్రశ్నలు. దారం నాసిరకం అంటారు, బంతి నారు మంచిది కాదంటారు, దిష్టి తగిలిందని కూడా అంటారు. పాడైన పువ్వునొకదాన్ని తీసి రెండుగా చీల్చి చూసినవారు మాత్రం ఇంతవరకు కనబడలేదు. ముందు ఆ పని చేసి వచ్చి మిగతాది చదవండి. గుచ్చడం, కట్టడం మీకు వచ్చుననే అనుకుంటున్నాను.

మామిడాకులు సాయంత్రానికే వాలిపోయాయి

లేతాకులు కోశారు. రాగిరంగు చిగురు చూడడానికి ముచ్చటగా ఉంటుంది, కోసిన కాసేపటికే తల వాలుస్తుంది. ముదురు ఆకుపచ్చగా, చేతికి బిరుసుగా తగిలే ఆకును తొడిమతో సహా కోయండి. అది ఎండినా ఆకారం చెడదు. ఉగాదికి చెట్టు నిండా చిగురే ఉంటుంది కాబట్టి అప్పుడు ఇంకా జాగ్రత్తగా ఏరుకోవాలి.

గడప ముందు రేకులు రాలుతున్నాయి

సూది రేకుల్లోంచి పోయింది. బంతిపువ్వు అడుగున రేకులన్నిటినీ పట్టి ఉంచే ఆకుపచ్చని గిన్నె ఒకటి ఉంటుంది. సూది అందులోంచే పోవాలి.

పూల మధ్య ఖాళీలు వచ్చాయి

పువ్వు ఆరేకొద్దీ చిక్కిపోతుంది. గుచ్చేటప్పుడే ఒకదానికొకటి ఆనేలా జరపండి, నలగకుండా.

పైకి నిగనిగ, లోపల కుళ్లు

అసలు సంగతి ఇది. సాయంత్రం కట్టినప్పుడు తోరణం కళకళలాడుతుంది. తెల్లారేసరికి మధ్యలో బరువుగా జారి ఉంటుంది. గడప మీద గోధుమరంగు చుక్కలు పడతాయి. పువ్వును ముట్టుకుంటే రేకులు గుత్తులుగా ఊడి చేతిలోకి వస్తాయి. చీల్చితే నడుమ ముద్దముద్దగా, పుల్లటి వాసనతో ఉంటుంది. ఇన్ని లక్షణాలకూ కారణం ఒక్కటే: తడి పువ్వును గుచ్చారు.

నేనూ రెండేళ్లు దెబ్బతిన్నాను. వాన వెలిశాక పెరట్లో రెండు బుట్టల ముద్దబంతి కోసి, తాజాగా ఉంటాయని పైన కాసిని నీళ్లు చిలకరించి, ప్లాస్టిక్ సంచిలో పోసి మూతి బిగించేదాన్ని. మొదటి ఏడు దారాన్ని తిట్టి పురికొస కొన్నాను. రెండో ఏడు నారు మార్చాను. మూడో ఏడు రాత్రి ఏదో పనికి లేచి సంచిలో చేయి పెడితే, జ్వరం వచ్చిన పిల్లల ఒళ్లులా వెచ్చగా తగిలింది. అప్పటికి గాని తెలియలేదు.

కోసిన తరువాత కూడా పువ్వు ఊపిరి తీస్తూనే ఉంటుంది, వేడినీ తేమనూ వదులుతూనే ఉంటుంది. గాలి ఆడని సంచిలో ఆ రెండూ ఎటూ పోలేవు. ముద్దబంతిలో రేకులు ఒత్తుగా ఉంటాయి కనుక అడుగుకు దిగిన వాన నీరు అక్కడే నిలిచిపోతుంది. పై రేకులు ఆరిపోయి మనల్ని మోసం చేస్తాయి. బూజు లోపల మొదలవుతుంది. దసరా వానల రోజుల్లోనే వస్తుంది కాబట్టి ఈ తిప్పలు ఏటా తప్పవు. రేకబంతి విడివిడిగా ఉంటుంది, దానికి ఇంత బాధ లేదు.

మంచు ఆరిన తరువాత కోయండి. వానలో తడిసి ఉంటే తొడిమ పట్టుకొని తలకిందులుగా నాలుగుసార్లు విదిలించండి. పాత నూలు చీర పరిచి, పువ్వు ముఖం కిందికి ఉండేలా ఒకే వరుసలో పేర్చి, రెండు గంటలు ఫ్యాను కింద వదిలేయండి. ఎండలో వద్దు. తరువాత నాలుగైదు పూలను వార్తాపత్రిక మీద గట్టిగా అదమండి. తడి మచ్చ పడిందంటే ఇంకో గంట ఆగాలి. ఈ ఒక్క పరీక్షనే అందరూ ఎగ్గొడతారు, నిమిషం కూడా పట్టదు. రాత్రి నిల్వ ఉంచాలంటే వెదురు బుట్టలో పోసి పలుచని గుడ్డ కప్పండి.

తోరణం వాడుతోందని పైనుంచి నీళ్లు చల్లేవారిని ఆపడం నా వల్ల కాలేదు. తొడిమ తెగిన పువ్వు రేకుల మీద పడ్డ నీటితో బతకదు, కుళ్లడానికి మాత్రం ఆ నీరు చాలు. ఇప్పటికే కట్టేసి ఉంటే దించి, అడుగు గిన్నె మెత్తబడిన పూలన్నీ తీసేయండి. జాలిపడి ఒక్కటి వదిలినా పక్కవాటికి అంటుతుంది.

చీమలు, పురుగులు, తుప్పు మేకు దారాన్ని కోయడం వంటివి ఎప్పుడో ఒకసారి జరుగుతాయి, వాటి గురించి బెంగ వద్దు. జల్లు నేరుగా కొట్టే గుమ్మానికైతే బంతి మానేసి మామిడాకులే కట్టండి. పూలను లోపలి గుమ్మానికి వాడుకోండి.