సంక్రాంతికి పిల్లలతో ఊరెళ్తున్నారా? తిరుగు టికెట్ నుంచి ప్లాన్ మొదలుపెట్టండి

సంక్రాంతికి ఊరెళ్లే టికెట్ గురించి అందరికీ టెన్షనే. తిరిగొచ్చే టికెట్ సంగతి మాత్రం 'అప్పుడు చూద్దాంలే' అనుకుంటాం. మేమూ అలాగే అనుకున్నాం. కొన్నేళ్ల కిందట కనుమ అయిన రెండో రోజు రాత్రి రాజమండ్రి స్టేషన్‌లో నిలబడ్డాం. నిద్రపోతున్న చిన్నది నా భుజం మీద, అరిసెల డబ్బా మా ఆయన చేతిలో, వెయిటింగ్ లిస్ట్ కదలని ఫోన్ నా చేతిలో. చివరికి ఓ ప్రైవేటు బస్సులో, మామూలు రేటుకి దాదాపు మూడింతలు పెట్టి, వెనక టైరు మీద సీట్లు దొరికించుకున్నాం. పిల్లలు తెల్లారి ఇల్లు చేరి, ఎర్రబడ్డ కళ్లతో స్కూలుకి పోయారు. అప్పటి నుంచి మా ఇంట్లో సంక్రాంతి ప్లాన్ వెనక నుంచి ముందుకు నడుస్తుంది.

1. స్కూలు తెరిచే రోజు ముందు రాసుకోండి

భోగి జనవరి 13నా 14నా అన్నది ఆ ఏటి క్యాలెండర్ చూస్తే తెలిసిపోతుంది. మీకు అసలు కావాల్సింది స్కూలు తెరిచే తేదీ. ఆంధ్రాలో, తెలంగాణలో సెలవులు ఒకే రోజుల్లో రావు. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు వేర్వేరు స్కూళ్లలో ఉంటే వాళ్ల సెలవులూ కలవకపోవచ్చు. స్కూలు డైరీలో క్యాలెండర్ ఉంటుంది. లేకపోతే దసరా సెలవులకు ముందే క్లాస్ టీచర్‌ని అడిగేయండి.

ఆ తేదీకి ముందు ఒక రోజు ఖాళీగా వదిలి, అంతకు ముందు రోజు ఇల్లు చేరేలా చూసుకోండి. ఆ ఖాళీ రోజు నిద్రకీ, బట్టలు ఉతుక్కోవడానికీ, చేయని హోంవర్క్‌కీ. ఒక రోజు దండగ అని మా ఆయన ఇప్పటికీ అంటారు. హోంవర్క్ దగ్గర కూర్చునేది నేను కాబట్టి ఆ మాట నేను వినిపించుకోను.

2. ఎవరింటికి వెళ్లేదీ అక్టోబరులోనే తేల్చండి

ఇది టికెట్ కన్నా కష్టమైన పని. మా అత్తగారిది కోనసీమ, మా అమ్మావాళ్లది తెనాలి పక్కన. పెళ్లయిన కొత్తలో భోగి అక్కడా, కనుమ ఇక్కడా అని పరుగులు పెట్టేవాళ్లం. పిల్లలు పుట్టాక అది కుదరదు. చిన్నపిల్లలకు కొత్త చోట నిద్ర అలవాటు కావడానికే రెండు రోజులు పడుతుంది. అలవాటైన మూడో రోజే బ్యాగు సర్దితే మిగిలేది ఏడుపే.

రెండు ఊళ్లూ గంట దూరంలో ఉంటే పంచుకోండి. లేదంటే ఈ ఏడు ఇక్కడ, వచ్చే ఏడు అక్కడ. ఈ మాట ఎవరి అమ్మకు వాళ్లే ఫోన్ చేసి చెప్పాలి. కోడలు చెబితే ఒకలా, కొడుకు చెబితే ఇంకోలా వినపడుతుంది, అది అందరికీ తెలిసిన సంగతే. పెళ్లయిన మొదటి సంక్రాంతికి కొత్త అల్లుడు అత్తారింటికి వెళ్లాల్సిందే, అందులో చర్చ లేదు.

అమెరికాలో ఉన్నవాళ్లకు తంటా ఇంకో రకం. పిల్లల శీతాకాలం సెలవులు క్రిస్మస్, న్యూ ఇయర్ చుట్టూ వస్తాయి, పండగ నాటికి స్కూలు తెరిచేస్తారు. అలాగని ఏమీ చూడలేరని కాదు. ధనుర్మాసం డిసెంబరు మధ్యలోనే మొదలవుతుంది. వాకిట్లో ముగ్గులు, గొబ్బెమ్మలు, అక్షయపాత్ర నెత్తిన పెట్టుకుని వచ్చే హరిదాసు, ఇవన్నీ ఆ నెలంతా ఉండేవే. భోగి మంట ఒక్కటే తప్పిపోతుంది. పొద్దున్నే లేవగలిగితే చాలు, జెట్‌లాగ్ పుణ్యమా అని ఆ పిల్లలు ఎలాగూ మూడింటికే లేస్తారు.

3. టికెట్లు: రెండు తేదీలు, రెండు అలారాలు

రైలు రిజర్వేషన్ ఇదివరకు 120 రోజుల ముందు తెరిచేవాళ్లు. 2024 నవంబరు 1 నుంచి దాన్ని 60 రోజులకు తగ్గించారు. ప్రయాణం రోజు లెక్కలోకి రాదు. జనవరి 12న వెళ్లాలంటే నవంబరు 13న, 18న తిరిగి రావాలంటే నవంబరు 19న, ఉదయం 8 గంటలకు బుకింగ్ మొదలవుతుంది. వెళ్లే టికెట్ దొరికిన సంబరంలో రెండో తేదీ మర్చిపోతాం. రెండు అలారాలూ ఒకేసారి పెట్టేయండి. ఇంకో మెలిక ఉంది. ఈ 60 రోజులు రైలు బయల్దేరే స్టేషన్ తేదీని బట్టి లెక్కిస్తారు. మీ స్టేషన్‌కు రైలు అర్ధరాత్రి దాటాక వస్తుంటే, మీ బుకింగ్ ఒక రోజు ముందే తెరుచుకుంటుంది.

ముందు రోజు రాత్రే చేసి పెట్టుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ వెరిఫికేషన్ పూర్తయి ఉండాలి, లేకపోతే బుకింగ్ తెరిచిన రోజు అది మిమ్మల్ని రానివ్వదు. ఇంట్లో అందరి పేర్లు, వయసులు మాస్టర్ లిస్ట్‌లో ఎక్కించండి. ఒక టికెట్‌పై ఆరుగురికే వీలు. తోడికోడలు కుటుంబం కూడా కలిసి వస్తుంటే ఎవరి టికెట్ ఎవరు చేస్తారో ముందే మాట్లాడుకోండి. మొదటి ఏడు నేను చేస్తున్నానని తనూ, తను చేస్తోందని నేనూ అనుకుని ఎవరూ చేయలేదు.

ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, బెర్తూ ఉండదు. ఐదు నిండి పన్నెండు లోపైతే బెర్తు వద్దనుకుంటే సగం చార్జీ, కావాలంటే పూర్తి చార్జీ. సగం చార్జీ చూసి ఆశపడకండి. ఎనిమిదేళ్ల పిల్లాణ్ని పక్కన పడుకోబెట్టుకుని రాత్రంతా ప్రయాణం చేస్తే మర్నాడు నడుం చెబుతుంది. వెయిటింగ్ లిస్ట్‌లో ఉండిపోయిన ఆన్‌లైన్ టికెట్ చార్ట్ తయారవగానే దానంతటదే రద్దవుతుంది, దాంతో రైలెక్కకూడదు. తత్కాల్ ప్రయాణానికి ముందు రోజు, ఏసీకి 10 గంటలకు, స్లీపర్‌కు 11కు తెరుస్తారు. పండగ రోజుల్లో పిల్లలతో దాని మీదే ఆధారపడటం జూదం. అంతకన్నా రైల్వే ప్రకటించే సంక్రాంతి స్పెషల్స్ మీద కన్నేసి ఉంచడం మేలు. చాలా స్పెషల్స్ హైదరాబాద్ శివారులోని చర్లపల్లి నుంచి బయల్దేరతాయి, అక్కడికి మెట్రో లేదు. పిల్లలూ సామాన్లూ ఉంటే గంట ముందుగా ఇంట్లోంచి కదలండి.

4. కారులో వెళ్తే

హైదరాబాద్ నుంచి విజయవాడ దాదాపు 270 కిలోమీటర్లు. మామూలు రోజుల్లో పెద్ద దూరమేమీ కాదు. భోగికి ముందు రెండు రోజులు మాత్రం చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌ప్లాజా చేరేసరికే సగం ఓపిక అయిపోతుంది. తర్వాత కొర్లపహాడ్, చిల్లకల్లు. ఫాస్టాగ్‌లో డబ్బులు ఇంటి దగ్గరే చూసుకోండి. టోల్ గేటు దగ్గర రీచార్జ్ చేస్తూ వెనకవాళ్ల హారన్లు వినడం ఎందుకు?

మేం తెల్లవారుజామున మూడున్నరకు బయల్దేరతాం. పిల్లల్ని నైట్ డ్రెస్‌లోనే ఎత్తుకొచ్చి వెనక సీట్లో బెల్టు పెట్టి కూర్చోబెడతాం. సూర్యాపేటలో లేపి ముఖం కడిగి ఇడ్లీ పెడతాం. పిల్లల దృష్టిలో ప్రయాణం అక్కడే మొదలవుతుంది, ముందు గడిచిన రెండు మూడు గంటలూ వాళ్ల లెక్కలో లేవు. తిరుగు ప్రయాణం ఆదివారం సాయంత్రం వద్దు. ఊరెళ్లిన నగరమంతా అప్పుడే వెనక్కి తిరుగుతుంది.

5. సంచిలో ఏముండాలి

తక్కువే. ఊళ్లో తెల్లవారుజామున మంచు, మధ్యాహ్నం చెమట. ఒక్కో పిల్లకు ఒక స్వెట్టర్, ఒక మంకీ టోపీ చాలు. దోమల మందు తప్పనిసరి. జ్వరం సిరప్ మీ పిల్లల డాక్టర్ బరువును బట్టి రాసిచ్చిన మోతాదుతో సహా పెట్టుకోండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు. అవి దేనికంటారా? పొద్దున అరిసె, పది గంటలకు జంతిక, మధ్యాహ్నం బొబ్బట్టు, మధ్యలో నానమ్మ చాటుగా పెట్టే సున్నుండ. మూడో రోజుకి కనీసం ఒకరి పొట్ట మొరాయిస్తుంది. కాచి చల్లార్చిన నీళ్లు సీసాల్లో పోసిపెట్టడం ఊరు చేరిన గంటలోనే మొదలుపెట్టండి.

6. పండగ రోజులు: రోజుకి ఒక్కటే పెట్టుకోండి

పిల్లలకు ఇదీ చూపించాలి, అదీ చూపించాలి అన్న ఆత్రం పెద్దలకే ఉంటుంది. రోజుకి ఒక్క పెద్ద పని చాలు. మిగతా టైము వీధికీ, మేనత్త పిల్లలకీ వదిలేయండి.

భోగి పిడకల దండ చేయించాలంటే ఊరికి ముందే ఫోన్ చేయాలి. చిన్న చిన్న పిడకలు చేసి, మధ్యలో వేలితో బెజ్జం పెట్టి, ఎండబెట్టి, తాడుకి గుచ్చాలి. అవి ఎండడానికి నాలుగైదు రోజులు పడుతుంది. భోగి ముందు రోజు ఊళ్లో దిగితే పచ్చి పిడకలే మిగులుతాయి. అందుకే మా అత్తయ్య పిడకలు ఎండబెట్టి ఉంచుతారు, గుచ్చే పని పిల్లలది. మొదటిసారి మా చిన్నది ముక్కు మూసుకుని ఒక్క చేత్తో గుచ్చబోయింది. ఒక్క చేత్తో గుచ్చడం కాలేదు. కాసేపు పిడక వైపు, కాసేపు నా వైపు చూసి ముక్కు వదిలేసింది. పది నిమిషాల్లో అన్నయ్య దండ కన్నా తన దండ పొడుగని కొలతలు మొదలయ్యాయి.

మంట దగ్గర పిల్లలకు నూలు బట్టలే వేయండి. గౌను కొత్తది, మెరుస్తోంది అని నైలాన్‌ది వేయకండి, నిప్పురవ్వ పడితే ఒంటికి అంటుకుంటుంది. పక్కన రెండు బకెట్ల నీళ్లు ఉండాలి. పాత టైర్లు, ప్లాస్టిక్ మంటలో వేస్తుంటే మొహమాటపడకుండా వద్దనండి.

సాయంత్రం భోగిపళ్లు. రేగిపళ్లు, చెరుకు ముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర నాణేలు, నానబెట్టిన సెనగలు కలిపి దిష్టి తీసి తల మీద పోస్తారు. ఐదేళ్లలోపు పిల్లలకు పోయడమే ఎక్కువచోట్ల ఆనవాయితీ. కానీ ఆ వయసువాళ్లకే సెనగా, నాణెమూ, రేగిగింజా గొంతులో అడ్డుపడేది. పోయడం అవగానే పిల్లను ఎత్తుకుని పక్కకు రండి, కింద పడ్డవి ఏరుకోవడం పెద్ద పిల్లలకు వదలండి. ఫోటోల హడావుడిలో అందరూ ఇక్కడే ఏమరుస్తారు.

కనుమ రోజు కోనసీమలో అంబాజీపేట దగ్గర జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు రుద్రుల ప్రభలను, అంటే రంగుల బట్టలతో అలంకరించిన ఎత్తైన వెదురు కట్టడాలను, భుజాల మీద మోసుకొస్తారు, కాలవలోంచి, పంట చేలలోంచి. పిల్లలకు జన్మంతా గుర్తుండే దృశ్యం. జనం మాత్రం ఇసకేస్తే రాలనంత. నాలుగేళ్లలోపు పిల్లలుంటే వెళ్లకండి. పెద్దవాళ్లయితే చేతి మీద పెన్నుతో మీ ఫోన్ నంబరు రాయండి, తప్పిపోతే కలుసుకోవాల్సిన చోటు ముందే చూపించండి. చేతిలో తలా రెండు వందలు పెట్టి, అయిపోతే మళ్లీ ఇవ్వనని చెప్పండి. జీళ్లు కొనాలా బొమ్మ కొనాలా అని వాళ్లు పడే తర్జనభర్జన చూడటానికి భలే ఉంటుంది.

కోడిపందేల బరి దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లొద్దు. చట్టం ఒప్పుకోదన్నది ఒక సంగతి. కాలికి కత్తి కట్టిన కోడి జనంలోకి ఎగిరి దూకితే ఏమవుతుందో తలుచుకుంటే చాలు. 'ఒక్కసారి చూపించి తీసుకొస్తా' అనే బాబాయ్ ప్రతి ఇంట్లో ఉంటాడు. ఆ బాబాయ్‌కి ముందే చెప్పి ఉంచండి. గాలిపటాలకు నూలు దారమే కొనండి. చైనా మాంజాను నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, అయినా దొంగచాటుగా దొరుకుతూనే ఉంది.

7. ఊరు లేనివాళ్లు, ఊరితో ఆగనివాళ్లు

హైదరాబాద్‌లోనే ఉండిపోతే దిగులు పడకండి. ఆ నాలుగు రోజులే రోడ్లు ఖాళీ. పొద్దున్నే గోల్కొండ ఎక్కండి, సాయంత్రం ఎవరి డాబా మీదైనా గాలిపటాలు. సాలార్‌జంగ్ మ్యూజియంకి శుక్రవారం సెలవని గుర్తుంచుకోండి.

ఊరి తర్వాత రెండు రోజులు మిగిలితే చాలామంది అరకు అంటారు. విశాఖ నుంచి పొద్దున్నే బయల్దేరే కిరండోల్ రైల్లో వెళ్లండి. అద్దాల విస్టాడోమ్ బోగీకి టికెట్లు ముందే అయిపోతాయి, దొరక్కపోతే మామూలు బోగీ కిటికీ కూడా బాగుంటుంది. ఆ లైన్‌లో మొత్తం 58 సొరంగాలున్నాయి. లెక్కపెట్టమంటే పిల్లలు ఫోన్ అడగరు. మావాడు ముప్ఫై దగ్గర లెక్క తప్పి, మళ్లీ మొదటి నుంచి వెళ్దామన్నాడు. ఘాట్ రోడ్డు మీద కారులో వెళ్తే కడుపు నిండా పూరీలు పెట్టి ఎక్కించకండి. ఆ పాఠం మా సీటు కవరు నేర్పింది. బొర్రా గుహల్లో మెట్లు తడిగా జారుతుంటాయి, చెప్పులు కాదు, బూట్లు వేయండి. లంబసింగి మంచు చూడాలంటే తెల్లారేసరికి అక్కడుండాలి, అంటే రాత్రి నిద్ర గోవిందా. ఆరేళ్లలోపు పిల్లలుంటే అది ఇంకో ఏడాదికి వాయిదా వేయమంటాను.

8. తిరుగు రోజు

బ్యాగులు ముందు రోజు రాత్రే సర్దండి. పిండివంటలు గాలి చొరని స్టీలు డబ్బాల్లో, అరిసెలు విడిగా, వాటి నూనె కారప్పూసకు అంటకుండా. రైల్లో తినేవి పైన ఉండాలి. ఊరి నుంచి బయల్దేరేముందు హైదరాబాద్‌లో పక్కింటివాళ్లకు ఫోన్ చేసి మర్నాటికి రెండు పాల ప్యాకెట్లు, ఒక పెరుగు ప్యాకెట్ తీసి ఉంచమనండి. ఆరింటికి ఇల్లు చేరేసరికి వండే ఓపిక ఎవరికీ ఉండదు. కుక్కర్‌లో బియ్యం పడేసి, అత్తయ్య కట్టిచ్చిన కందిపొడి, కొత్త నెయ్యి తీస్తే పిల్లలు స్నానం చేసొచ్చేలోపు భోజనం సిద్ధం.