లివర్ రైఫిల్ గురిని అంచనా వేయడం – 3వ పాఠం: చల్లని బ్యారెల్

సైట్లు (గురి చూసే అమరికలు) సరిచేసుకోవడం గత పాఠంలో అయిపోయింది. ఇక లివర్ రైఫిల్ (కింది మీటను ఆడించి తూటా ఎక్కించే రైఫిల్) గురి ఎంత మంచిదో తేల్చాలి. వించెస్టర్ 1894, మార్లిన్ 336 ఉదాహరణలుగా తీసుకుందాం. థర్టీ-థర్టీ (.30-30) రకం తూటా పేల్చే ఈ రెండూ అమెరికా అడవుల్లో తెల్లతోక జింకల వేటకు తరతరాలుగా వాడుతున్నవి. మన దేశంలో వేట నేరం కాబట్టి, ఈ పాఠం అక్కడ లైసెన్సుతో వేటాడే తెలుగువారి కోసమే.

చాలామంది వరసగా ఐదు తూటాలు పేల్చి, చిల్లులు చెదిరాయని రైఫిల్‌ను తప్పుబడతారు. అది అన్యాయం. ఈ రైఫిళ్లలో గొట్టం లాంటి మ్యాగజైన్ (తూటాలు నింపే అర) బ్యారెల్ కిందే ఉంటుంది. దాన్నీ ముందరి చెక్కనూ బ్యారెల్‌కే బిగిస్తారు. పేల్చేకొద్దీ బ్యారెల్ వేడెక్కి సాగుతుంది, ఆ బిగింపులు దాన్ని పట్టి లాగుతాయి. అందుకే నాలుగో తూటా, ఐదో తూటా పక్కకు జరుగుతాయి. 1899 నాటి శావేజ్ రైఫిల్‌కు ఈ బెడద తక్కువ, దాని మ్యాగజైన్ గొట్టం కాదు కాబట్టి. నాకు అది చాలా ఇష్టమైన నిర్మాణం.

జింకకు తగిలేది మాత్రం చల్లని బ్యారెల్ నుంచి వెళ్లే మొదటి తూటా. కాబట్టి పరీక్షించాల్సిందీ దాన్నే. 100 గజాల దూరంలో కాగితం పెట్టండి. ముందరి చెక్కను రిసీవర్‌కు (పేల్చే యంత్రాంగం ఉండే నడిమి భాగానికి) దగ్గరగా సంచిపై ఆనించండి, బ్యారెల్‌ను దేనికీ తాకనివ్వకండి. ఒక్క తూటా పేల్చి, లివర్ తెరిచి ఉంచి, బ్యారెల్ పూర్తిగా చల్లారేదాకా ఆగండి. తర్వాత రెండోది. మ్యాగజైన్‌లో ప్రతిసారీ అన్నే తూటాలు ఉంచండి, గొట్టం బరువు మారితే తగిలే చోటూ కొద్దిగా మారవచ్చు. వేర్వేరు రోజుల్లోనైనా సరే, ఒకే కాగితంపై పది చిల్లులు పడాలి. మూడు చిల్లులు దగ్గరగా పడటం అదృష్టమూ కావచ్చు.

ఎక్కువ దూరంలో ఉన్న రెండు చిల్లుల బయటి అంచుల మధ్య కొలిచి, అందులోంచి తూటా వ్యాసం 0.308 అంగుళం తీసేయండి. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 8 అంగుళాల వెడల్పు. పది చిల్లులూ 3 అంగుళాల్లో ఇమిడితే ఆ రైఫిల్‌ను నిశ్చింతగా నమ్మవచ్చు. చిల్లులన్నీ దగ్గరగా ఉండి మొత్తంగా ఒక పక్కకు పడితే లోపం సైట్లది. అది గత పాఠానికి తిరిగి వెళ్లాల్సిన పని.

తూటాల విషయంలో ఒక్క హెచ్చరిక. గొట్టంలో ఒకదాని మొన ఇంకొకదాని ప్రైమర్‌కు (దెబ్బ తగిలితే మందును అంటించే అడుగు భాగానికి) ఆనుకుని ఉంటుంది. గట్టి సూదిమొన తూటా వేస్తే కుదుపుకు లోపలే పేలే ప్రమాదం ఉంది. చదునుమొనవీ, లివర్ రైఫిళ్ల కోసమే మెత్తని మొనతో చేసినవీ మాత్రమే వాడండి.

వచ్చే పాఠంలోగా 150, 170 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) తూటాలకు వేర్వేరు కాగితాలు సిద్ధం చేసుకోండి. ఏది మీ బ్యారెల్‌కు నప్పిందో అప్పుడు పోల్చి చూద్దాం.