విశాఖ రాళ్ల గుంటల్లో జీవులు, ఒడ్డున పక్షులు: చూసి లెక్కకట్టే పద్ధతి

విశాఖ తీరంలో ఏం కనిపించాలో ముందు పాటు (సముద్రపు నీరు వెనక్కి తగ్గడం), తర్వాత ఎండ తేలుస్తాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా ఇక్కడ పోటుకూ పాటుకూ తేడా సుమారు ఒకటిన్నర మీటరే. అలలు కాస్త పెద్దవైతే పాటు వేళకు కూడా రాళ్లు బయటపడవు. అందుకే ఆ తిథుల తర్వాతి ఒకటి రెండు రోజుల్లో, సముద్రం నెమ్మదించిన రోజు ఎంచుకోండి. పాటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, నిన్నటి వేళ పనికిరాదు.

తెన్నేటి పార్కు కింది రాళ్ల దగ్గరికైనా, జోడుగుళ్లపాలెం అయినా పూర్తి పాటుకు గంట ముందే చేరాలి. నీరు దిగేకొద్దీ దిగండి, ఎక్కడం మొదలవగానే వచ్చేయండి. సముద్రానికి వీపు పెట్టకండి. హవాయి చెప్పులు నాచు మీద జారుతాయి, పట్టున్న బూట్లు వేసుకోండి.

లెక్కకు పీవీసీ పైపుతో 50 సెం.మీ. చదరపు చట్రం చేసుకోండి. పైపుకు చిల్లులు పెట్టకపోతే గుంటలో తేలుతుంది. 10 సెం.మీ.కి ఒకటి చొప్పున నైలాను దారాలు అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు కడితే 25 గళ్లు, గడికి 4 శాతం. పై రాతి నుంచి నీటి అంచుదాకా తాడు పరిచి, ప్రతి 2 మీటర్లకూ చట్రం పెట్టాలి. జీవులు గుంపుగా ఉన్నచోటే పెట్టాలనిపిస్తుంది, అలా చేస్తే లెక్కంతా తప్పుతుంది. ముందు పీతలు: నీడ పడగానే పగుళ్లలో దూరతాయి. తర్వాత నత్తలు. బార్నకిల్స్ (రాళ్లకు అతుక్కుని ఉండే చిన్న పెంకు జీవులు), నాచు మాత్రం శాతంలో రాయండి.

ఒంటి చేత్తో లేచే రాయినే తిప్పి, ఉన్నట్టే తిరిగి పెట్టండి. బోర్లా వదిలేస్తే అడుగునున్నవి ఎండకు మాడతాయి, పైనున్న నాచు వెలుగు లేక చస్తుంది. శంకువు ఆకారపు కోన్ నత్తను చేత్తో తీయకండి, దాని కాటు విషం.

ఇక పక్షులు. మనకు సూర్యుడు సముద్రం మీంచి పొడుస్తాడు, ఉదయం నీటిపై పక్షులన్నీ నల్లటి నీడలే. మూడు దాటాక ఎండ వీపున పడుతుంది, రంగులు తెలుస్తాయి. అక్టోబరు నుంచి మార్చి దాకా వలస పక్షులు ఉంటాయి. వీటిలో గల్ అంటే తీరాల్లో తిరిగే సముద్ర పక్షి. చలికాలంలో గోధుమ తల గల్‌కు గోధుమ తల, నల్ల తల గల్‌కు నల్ల తల ఉండవు, చెవి దగ్గర మచ్చే మిగులుతుంది. రెక్క చూడండి: నల్లటి కొనలో తెల్ల మచ్చలుంటే ఎదిగిన గోధుమ తలది, రెక్క ముందంచున తెల్లటి పట్టీ ఉంటే నల్ల తలది.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట పోటు ఎక్కే వేళకు వెళ్లండి. బురద మునిగేకొద్దీ ఉల్లంకులు (నీటి అంచున మేసే పక్షులు) ఇసుక మీదికి చేరి గుంపుకడతాయి. అవి బెదిరి తల ఎత్తి నిలబడితే అక్కడే ఆగిపోండి.