కారు పాలిష్ స్వయంగా నేర్చుకుందాం – 7వ పాఠం: పాత మిషన్ చేతులెత్తేసింది, కొత్తది ఏది?

పోయిన పాఠంలో ప్యాడ్లు కడగడం, కాంపౌండ్ (గీతలు తీసే పేస్టు) ఎంత వేయాలో చూశాం. ఈసారి, చేతిలో ఉన్న పాలిష్ మిషన్ ఇక లాభం లేదనుకున్నప్పుడు ఏం కొనాలో చూద్దాం. మిషన్ కాలిపోగానే అదే సైజులో ఇంకో రెండు వందల వాట్లు ఎక్కువున్నది తెచ్చుకోవడం హనుమకొండ, కాజీపేట షెడ్లలో మామూలే. పాతది ఎందుకు పోయిందో చూడకుండా తెస్తే కొత్తదీ అదే దారి పడుతుంది. అందుకని ముందు స్క్రూడ్రైవర్ తీయండి.

పాతదాన్ని విప్పి చూడటం

ప్లగ్ పీకేయండి. మోటారు బాడీకి రెండు పక్కలా గుండ్రటి నల్ల మూతలుంటాయి. అవి విప్పితే కార్బన్లు (మోటారుకు కరెంటు అందించే నల్ల ముక్కలు) స్ప్రింగుతో సహా బయటికొస్తాయి. కొన్ని మిషన్లకు వెనక కవర్ మొత్తం తీయాల్సి వస్తుంది. కార్బన్ 5–6 మి.మీ. కంటే పొట్టిగా మిగిలితే స్ప్రింగ్ దాన్ని కమ్యుటేటర్ (మోటారు షాఫ్టు మీది రాగి పట్టీల చుట్టు) మీద సరిగా నొక్కలేదు. మిషన్ ఆగి ఆగి తిరుగుతుంది, ఒక్కోసారి పైన తడితే గాని లేవదు. 'పోయింది' అని మూలన పడేసిన మిషన్లలో చాలావాటికి ఉన్న రోగం ఇదే, మందు కూడా చవక. జత మొత్తం మార్చండి. పాత ముక్క జేబులో వేసుకెళ్లి అదే మందం, అదే వెడల్పు ఉన్నవే అడగండి. పెద్దవి తెచ్చి గరుకు కాగితం మీద రుద్ది దూర్చితే, రుద్దుడు సమంగా లేనిచోట గూట్లో బిగుసుకుపోతాయి. కొత్తవి వేశాక పది నిమిషాలు లోడు లేకుండా మధ్య స్పీడులో తిప్పితే కార్బన్ ముఖం కమ్యుటేటర్ వంపుకు కూర్చుంటుంది.

కార్బన్ తీసిన కంతలోంచి టార్చి వేసి, ప్యాడ్ ప్లేటును చేత్తో తిప్పుతూ కమ్యుటేటర్ రాగి పట్టీలను చూడండి. అన్నీ ఒకే గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు. ఒకటి రెండు పట్టీలు మాత్రం నల్లగా మాడి ఉంటే ఆ పట్టీలకు అంటిన కాయిల్ తెగిందో, షార్టయిందో అనుకోవాలి. మిషన్ తిరిగేటప్పుడు కార్బన్ కింద చిన్న నీలి రవ్వలు రావడం సహజం. రవ్వ కమ్యుటేటర్ చుట్టూ రింగు కట్టినట్టు తిరిగితే ఆర్మేచర్ (మోటారులో తిరిగే, కాయిల్ చుట్టిన భాగం) పని అయిపోయింది.

వైండింగ్ షాపులో చుట్టించుకోవచ్చు. అయితే చుట్టాక బ్యాలెన్స్ చేయని ఆర్మేచర్ వణుకుతుంది, ఆ వణుకు కొత్త బేరింగులను కూడా తినేస్తుంది. ఆర్మేచర్, రెండు బేరింగులు, కూలీ కలిపి కొత్త మిషన్ ధరలో సగం దాటితే వదిలేయండి. గేరు పళ్లు కూడా అరిగి ఉంటే లెక్క వేయాల్సిన పనే లేదు.

ఇక ఆర్మేచర్ ఎందుకు కాలిందో ఆలోచించండి. లోపలి ఫ్యాను మోటారు షాఫ్టు మీదే ఉంటుంది. మోటారు నెమ్మదిగా తిరిగితే ఫ్యానూ నెమ్మదిగానే తిరుగుతుంది. స్పీడు 1, 2 మీద పెట్టి, బలమంతా వేసి నొక్కి, అరగంట ఆపకుండా రుద్దితే లోపల కరెంటు పెరుగుతుంది, గాలి తగ్గుతుంది. వైండింగ్ వార్నిష్ మాడిన వాసన వచ్చేది అప్పుడే. ఇలా పోయినదానికి బదులు 1400 వాట్లది తెచ్చినా ఇంకొన్ని నెలలు ఎక్కువ బతుకుతుందంతే. ఒక్కో ప్యానెల్ అయ్యాక ఒక నిమిషం లోడు లేకుండా మధ్య స్పీడులో తిప్పి గాలి పట్టించడం అలవాటు చేసుకోండి.

ప్లేటును చేత్తో తిప్పితే గరగరమంటే బేరింగు. తడి ప్యాడ్‌ను మిషన్ మీదే పెట్టి తిప్పి నీళ్లు విదిలించే అలవాటు, కాంపౌండ్ పొడి, రెండూ కలిసి చేసే పని ఇది. స్విచ్ వేయగానే ఏ నంబరు మీదున్నా ఫుల్ స్పీడు అందుకుంటే స్పీడు రెగ్యులేటర్ పోయింది. ఆ మిషన్‌ను మాత్రం, రెగ్యులేటర్ మార్చేదాకా, ఎవరి కారు మీదా పెట్టొద్దు.

షెడ్డుకు వచ్చే పనే మిషన్‌ను చెబుతుంది

నెల రోజులుగా మీ దగ్గరికి వచ్చిన కార్లను గుర్తు చేసుకోండి. కొత్తగా పెయింట్ కొట్టిన ప్యానెళ్లను 1500, 2000 నంబరు పేపరుతో (గరుకు కాగితం) రుద్ది మెరిపించే పని ఎక్కువా? లేక పాత కార్ల మీద సాలెగూడులా కనిపించే సన్న గీతలు తీసే పనా? మన ప్రాంతంలో రెండోదే ఎక్కువ. కరీంనగర్ గ్రానైట్ లారీలు తిరిగే రోడ్లు, గోదావరిఖని, భూపాలపల్లి బొగ్గు గనుల వైపు దుమ్ము, ఆ దుమ్మును నీళ్లు పోయకుండానే పొడి గుడ్డతో తుడిచే డ్రైవర్లు – గీతలకు ఇంతకంటే ఏం కావాలి? వీటికి తోడు బోరు నీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టిన నల్ల కార్ల మీద తెల్లటి మచ్చలు.

రోటరీ మిషన్‌లో ప్లేటు ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. సాధారణంగా 600 నుంచి 3000 ఆర్‌పీఎం. ఊల్ ప్యాడ్ పెట్టి 1200–1500 మీద పేపరు గీతలను తినేయడంలో దీనికి సాటి లేదు. వేడి కూడా అంతే త్వరగా పుట్టిస్తుంది. చెయ్యి కుదరని వాళ్లు పట్టుకుంటే ఎండలో వంకీలు తిరిగి కనిపించే సన్న మెరుపు గీతలు, అంటే హోలోగ్రాములు, మిగులుతాయి. తలుపు అంచుల మీద, బానెట్ మడత మీద క్లియర్ కోటు (రంగు మీది పారదర్శక పొర) ఎగిరిపోతుంది. ఫ్యాక్టరీ కారులో పెయింట్ పొరలన్నీ కలిపి సుమారు 100–150 మైక్రాన్లు, అందులో పైనున్న క్లియర్ 40–50 మైక్రాన్లే. తీసింది మళ్లీ రాదు.

డ్యూయల్ యాక్షన్ మిషన్‌లో ప్లేటు చిన్న వృత్తంలో ఊగుతూ, దానంతట అది కూడా తిరుగుతుంది. అందుకే వేడి తక్కువ, హోలోగ్రాములు దాదాపు ఉండవు. గట్టిగా నొక్కితే ఊగుతుంది గాని తిరగదు. అప్పుడు గీతలు పోవు, ప్యాడ్ మధ్యలో వేడి పేరుకుని వెల్క్రో కరిగిపోతుంది. దీన్ని దాటడానికి గేరుతో బలవంతంగా తిప్పే రకం వచ్చింది. అది నొక్కినా ఆగదు, కానీ చేతిని అటూ ఇటూ లాగుతుంది, వణుకూ ఎక్కువే.

మా సలహా సూటిగా ఇది: ఒక్కటే మిషన్ కొనగలిగితే 15 మి.మీ. త్రో, 5 అంగుళాల ప్లేటు ఉన్న డ్యూయల్ యాక్షన్ కొనండి. పాత రోటరీ బాగయ్యేదైతే కార్బన్లు మార్చి పెయింటింగ్ పనికి ఉంచుకోండి. పెయింటింగ్ షెడ్డే నడుపుతుంటే మాత్రం ముందు రోటరీయే కొనాలి. డ్యూయల్ యాక్షన్‌తో 1500 పేపరు గీతలు తీయడానికి పూట పడుతుంది, ఆ టైము ఎవరూ ఇవ్వరు.

త్రో అంటే ప్లేటు ఊగే వృత్తం వ్యాసం. 8 మి.మీ. రకం ఇరుకు చోట్ల బాగుంటుంది, కోత నెమ్మది. 21 మి.మీ. రకం స్కార్పియో, బొలెరో టాపు మీద, పెద్ద బానెట్ మీద ఇట్టే పని చేస్తుంది. స్విఫ్ట్, ఆల్టో లాంటి చిన్న కార్ల వంపుల మీద మాటిమాటికీ ఆగిపోతుంది. 15 మధ్యస్థం. బ్యాటరీ మిషన్ అద్దాల పక్కన హాయిగా ఉంటుంది గాని, కారంతా కట్టింగ్ (గీతలు తీసే మొదటి రుద్దుడు) చేయాలంటే రెండు మూడు బ్యాటరీలు చార్జింగులో తిరుగుతూనే ఉండాలి.

గ్రైండర్‌కు ప్యాడ్ బిగిస్తే?

చవకగా అవుతుందని 4 అంగుళాల గ్రైండర్‌కు ఫోమ్ ప్యాడ్ బిగించేవాళ్లు ఇంకా ఉన్నారు. ఒక్క లెక్క చూడండి. 125 మి.మీ. ప్యాడ్ చుట్టుకొలత 0.393 మీటర్లు. రోటరీలో 1800 ఆర్‌పీఎం మీద ప్యాడ్ అంచు సెకనుకు 12 మీటర్లు కదులుతుంది. గ్రైండర్ 11,000 ఆర్‌పీఎం తిరుగుతుంది కాబట్టి అదే అంచు సెకనుకు 72 మీటర్లు. ప్యాడ్ దానికి తయారైంది కాదు. చిరిగితే ముక్క ముఖాన కొడుతుంది, చిరగకపోతే పెయింట్ మాడుతుంది.

కొట్లో అడగాల్సినవి

బ్రాండు పేరు కంటే ముందు రెండు ప్రశ్నలు వేయండి: దీని కార్బన్లు ఇక్కడే దొరుకుతాయా? బ్యాకింగ్ ప్లేటు (ప్యాడ్ అంటించే ప్లేటు) విడిగా దొరుకుతుందా? రెండింటికీ 'హైదరాబాద్ నుంచి తెప్పిస్తాం' అంటే, మే నెలలో పని ముమ్మరంగా ఉన్నప్పుడు వారం కూర్చోవాల్సి వస్తుందని లెక్క వేసుకోండి. కార్బన్ మూతలు బయటి నుంచే విప్పేలా ఉన్న మిషన్‌కు మా ఓటు.

రోటరీకి ఇరుసు మర ఎక్కువగా ఎం14 (14 మి.మీ. మర) ఉంటుంది. మీ పాత ప్లేటు వెంట తీసుకెళ్లి చేత్తో తిప్పి ఎక్కించండి. సగంలో బిగుసుకుంటే బలవంతం చేయొద్దు, మర వేరు. డ్యూయల్ యాక్షన్‌కు మాత్రం పాత ప్లేటు వాడే ఆశ వదులుకోండి. లోపలి ఎదురు బరువును ఒక సైజు ప్లేటుకు సరితూగేలా పెడతారు. 6 అంగుళాల మిషన్‌కు 5 అంగుళాల ప్లేటు బిగిస్తే ఆ తూకం తప్పి చేతులు తిమ్మిరెక్కుతాయి, ఇరుసు బేరింగు త్వరగా అరుగుతుంది. పాత రోటరీ ప్యాడ్లూ అంతే. మందపాటి ఫోమ్, పొడుగు ఊల్ ఊగుడును మింగేస్తాయి. సన్నటి ఫోమ్, మైక్రోఫైబర్ ప్యాడ్లు కావాలి. ఒక కారుకు కట్టింగ్‌వి నాలుగు, ఫినిషింగ్‌వి రెండు. ఈ ఖర్చు మిషన్ ధరతో పాటే అనుకోండి, లేదంటే మిషన్ వచ్చాక ఒకే ప్యాడ్‌తో కారంతా రుద్దుతారు.

కొట్లో కరెంటు పెట్టించండి. అతి తక్కువ స్పీడు మీద స్విచ్ నొక్కితే మెల్లగా లేవాలి, ఎగిరి పడకూడదు. ఈ మెత్తటి స్టార్టు లేకపోతే ప్యాడ్ మీది కాంపౌండ్ గోడల మీదికి చిమ్ముతుంది. డ్యూయల్ యాక్షన్‌ను ఒట్టి గాల్లో ఫుల్ స్పీడులో తిప్పించొద్దు, ప్యాడ్ ఊడి ఎగురుతుంది. రోటరీకి ఇంకో పరీక్ష: ప్లగ్ తీసి, ప్లేటు అంచు దగ్గర పెన్సిల్‌ను కదలకుండా పట్టుకుని ప్లేటును చేత్తో ఒక చుట్టు తిప్పండి. పెన్సిల్‌కూ అంచుకూ మధ్య సందు 1 మి.మీ. కంటే ఎక్కువ మారితే ప్లేటో, ఇరుసో వంకర. ఇంకో ప్లేటు మార్చి చూస్తే ఏదో తేలుతుంది. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించండి. కార్బన్లకు సాధారణంగా వారంటీ ఉండదు, దాని మీద వాదన వద్దు.

కరెంటు సంగతి

1200 వాట్ల మిషన్ 230 వోల్టుల మీద సుమారు 5.2 ఆంపియర్లు లాగుతుంది. 30 మీటర్ల ఎక్స్‌టెన్షన్ వైరు 0.5 చదరపు మి.మీ. రాగిదైతే వైరులోనే 11 వోల్టుల దాకా పోతుంది. సాయంత్రం పూట వీధి కరెంటే 200 దగ్గరుంటే మిషన్‌కు అందేది 190 లోపే. స్పీడు తగ్గిందని మనం ఇంకా నొక్కుతాం, అదే వైండింగ్‌ను కాలుస్తుంది. అదే 30 మీటర్లు 2.5 చదరపు మి.మీ. వైరు వేస్తే రెండున్నర వోల్టులు కూడా పోవు. వైరును చుట్టగా వదిలి వాడొద్దు, చుట్ట లోపల వేడెక్కి తొడుగు మెత్తబడుతుంది.

ఈ పాఠం అభ్యాసం

స్క్రాపు షాపులో పాత బానెట్ ఒకటి తెచ్చుకోండి, నల్లదైతే మేలు. నీడలో పెట్టండి. బయట 44–45 డిగ్రీలున్న రోజు ఎండలో ఉన్న రేకు మీద కాంపౌండ్ రెండు చుట్లకే ఎండిపోతుంది. మధ్యలో టేపు అతికించి రెండు భాగాలు చేయండి. కొత్త మిషన్ ప్లేటు అంచున పర్మనెంట్ మార్కర్‌తో ఒక అడ్డ గీత గీయండి. ప్యాడ్ మీద శనగ గింజంత కాంపౌండ్ నాలుగు చుక్కలు పెట్టి, ముందు రేకు మీద ఆనించి, ఆ తర్వాతే స్విచ్ వేయండి. స్పీడు 4 మీద, రెండడుగుల చదరంలో, అంగుళం అంగుళం కదుపుతూ నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి.

ఆ గీత మీదే కన్ను ఉంచండి. తిరుగుతూ కనిపిస్తే ఒత్తిడి సరిపోయింది. గీత ఒక్కచోటే నిలబడి వణుకుతుంటే ఒత్తిడి తగ్గించండి, ప్యాడ్‌ను రేకుకు సమంగా పట్టండి. అప్పటికీ నిలబడితే ప్యాడ్ మందం ఎక్కువ, లేదా అది కాంపౌండ్‌తో నిండిపోయింది. మరో ప్యాడ్ వేసి చూడండి. రెండో సగాన్ని అదే ప్యాడ్, అదే స్పీడుతో, కావాలనే గట్టిగా నొక్కి రుద్దండి. రెండు సగాలనూ గుడ్డతో తుడిచి టార్చి కింద పక్కపక్కనే చూడండి, ప్యాడ్ వెనక చెయ్యి పెట్టి వేడి పోల్చండి. గట్టిగా నొక్కిన సగంలో గీతలు ఎక్కువే మిగిలి ఉంటాయి.

వచ్చే పాఠం ప్లాస్టిక్ బంపర్ల మీద. అక్కడ వేడి రేకులోలా పాకిపోదు కాబట్టి స్పీడు, ఒత్తిడి రెండూ మారతాయి.