ముందు షార్ట్స్, తర్వాతే క్రీమ్: చలి రైడ్‌కి కాళ్లను సిద్ధం చేసుకోవడం

డిసెంబర్ తెల్లవారుజామున హైదరాబాద్ ఓఆర్ఆర్ సైకిల్ ట్రాక్ మీద 12, 13 డిగ్రీల్లో ఎదురుగాలికి తొక్కుతుంటే మోకాళ్లు పట్టేసినట్టుంటాయి కదా. దానికి బెల్జియం రేసర్లు ఎప్పటినుంచో వాడే ఉపాయం ఎంబ్రొకేషన్, అంటే కాళ్లకు రాసుకునే వేడి క్రీమ్. అక్కడ సైక్లోక్రాస్, అంటే మట్టి, గడ్డి దారుల్లో సాగే సైకిల్ రేసులు, ఎక్కువగా చలికాలంలో, బురదలో జరుగుతాయి. లెగ్ వార్మర్స్ (చలికి కాళ్లకు తొడుక్కునే బట్ట తొడుగులు) వేసుకుంటే తడిసి బరువెక్కుతాయని చాలామంది వట్టికాళ్లకు ఇది పూసుకుని దిగుతారు.

అయితే ఇది కాలిని నిజంగా వేడి చెయ్యదు, వేడిగా ఉన్నట్టు అనిపించేలా చేస్తుంది. చాలా క్రీముల్లో ఉండేది క్యాప్సైసిన్, అంటే మిరపకాయలో మంట పుట్టించే పదార్థమే. కొన్నిట్లో వింటర్‌గ్రీన్ నూనెలో ఉండే మిథైల్ శాలిసిలేట్, మెంథాల్, కర్పూరం ఉంటాయి. పైన చర్మం ఎర్రబడుతుంది గానీ లోపల కండరం తొక్కితేనే వేడెక్కుతుంది, కాబట్టి క్రీమ్ రాసుకున్నా మొదటి పావుగంట తేలిక గేర్‌లో నెమ్మదిగా పోవాల్సిందే. లంబసింగి లాంటి చోట, అదీ ఘాట్ దిగేటప్పుడు, క్రీమ్‌ని నమ్ముకోకండి, లెగ్ వార్మర్స్ వేసుకోండి. రెండూ కలిపి మాత్రం వద్దు, పైన బట్ట బిగిస్తే మంట రెట్టింపవుతుంది.

ఇక రాసుకునే వరుస, అసలు సంగతంతా ఇందులోనే ఉంది. ముందు రోజు రాత్రి పిక్క మీద కొంచెం రాసి చూడండి, దద్దురు రాకపోతే సరే. పొద్దున టాయిలెట్ పని ముగించి, కాంటాక్ట్ లెన్సులుంటే పెట్టేసుకుని, ప్యాడ్ ఉన్న షార్ట్స్, సాక్సులు కూడా వేసుకున్నాకే డబ్బా మూత తియ్యండి. క్రీమ్ పూసిన కాళ్ల మీదుగా షార్ట్స్ లాగితే అది ప్యాడ్‌కి అంటుకుంటుంది, ఆ తర్వాత మంట ఎక్కడ పుడుతుందో నేను చెప్పక్కర్లేదు. ఒక్కో కాలికి రూపాయి బిళ్లంత చాలు: పిక్కలు, మోకాలి చుట్టూ, తొడ ముందు భాగం, షార్ట్స్ అంచుకి రెండు వేళ్ల కిందే ఆపండి. మోకాలి వెనక సున్నితమైన చర్మాన్ని, గీరుకుపోయిన చోట్లను, అప్పుడే షేవ్ చేసిన కాళ్లను వదిలెయ్యండి. బయల్దేరే ముందు 15, 20 నిమిషాలు టైమ్ ఇవ్వండి.

చేతుల దగ్గరే చాలామంది దెబ్బతింటారు. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది, పచ్చిమిర్చి తరిగాక ఉత్త నీళ్లతో కడిగితే మంట పోనిది అందుకే. కాబట్టి ముందు కొబ్బరినూనె రుద్దుకుని, తర్వాత సబ్బుతో కడిగి, అప్పుడు గ్లోవ్స్ వేసుకోండి, దారిలో ఆ గ్లోవ్‌తోనే కదా ముక్కు తుడుచుకునేది.

ఇంట్లో ఉన్న బామ్ సరిపోదా అంటారా? అమృతాంజన్, 1893లో మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు మొదలుపెట్టింది, తలనొప్పికి బాగుంటుంది, రెండు కాళ్లకు పూసుకునేంత మాత్రం వద్దు. వోలిని జెల్‌లో డైక్లోఫెనాక్ ఉంటుంది, అది నొప్పి మందు, ప్రతి రైడ్‌కీ పూసుకునేది కాదు. రక్తం పలచబడే మందులు, ముఖ్యంగా వార్ఫరిన్ వాడేవాళ్లు, ఆస్పిరిన్ పడనివాళ్లు మిథైల్ శాలిసిలేట్ ఉన్నవాటి జోలికి డాక్టర్‌ని అడక్కుండా పోవద్దు. మెంథాల్, మిథైల్ శాలిసిలేట్ ఉన్న కొన్ని నొప్పి క్రీములతో చర్మం కాలిన కేసులున్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లో హెచ్చరించింది కూడా. బొబ్బలెక్కేలా మండితే ఓర్చుకోకండి, వెంటనే కడిగెయ్యండి.

ఇంటికొచ్చాక నేరుగా వేడినీళ్ల కింద నిలబడితే చల్లారిన మంట మళ్లీ లేస్తుంది. షార్ట్స్ ఒంటి మీద ఉండగానే పాత గుడ్డకి నూనె అద్ది కాళ్లు తుడిచి, సబ్బుతో చల్లనీళ్లలో కడిగి, అప్పుడు షార్ట్స్ విప్పండి. ఆ గుడ్డనీ, సాక్సుల్నీ ఇంట్లోవాళ్ల బట్టల్లో కలపకుండా విడిగా ఉతకండి.